ఆదివారం ఆపేసిన స్విచ్

బుధవారం నాడు సబ్‌ఇన్‌స్పెక్టర్ నవత చేయాల్సిన పనులు ఇవి.

ఆసుపత్రికి వెళ్లి బాలమ్మ వాంగ్మూలం తీసుకోవాలి. మల్కాజ్‌గిరిలో హెర్మోను మహిళా హాస్టల్‌కి వెళ్లి, అక్కడి కంప్యూటర్ డిస్కుకి నకలు తీయాలి. నకలు తీసేదాకా ఎవ్వరినీ దాని మీద చెయ్యి వేయనివ్వకూడదు. వార్డెన్ మేబెల్‌నీ, కంప్యూటర్ చూసుకునే షెకీనానీ ప్రశ్నించాలి. పారిపోయిన తిరుమల్ ఫోన్ ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టాలి. సైనిక్‌పురి వెళ్లి సృజనను ఒకసారి చూసి రావాలి. మధ్యాహ్నం మూడు గంటల్లోపు షెకీనాని అరెస్టు చేసి తీసుకురావాలి.

చివరిది నవత అనుకున్న పని కాదు. ఇన్‌స్పెక్టర్ పొద్దున్నే ఫోన్ చేసి, ఆమె నోరు తెరిచేలోగా నెత్తిన పెట్టేసిన పని. దానికోసం సైనిక్‌పురి పనిని ఆమె సాయంత్రానికి జరిపింది. సృజన భద్రంగానే ఉంది, ముందు షెకీనా మెడ మీది కత్తి సంగతి చూద్దాం అనుకుంది.

జరిగింది ఇది. భర్త రాజేందర్ కొట్టిన దెబ్బలకు సృజనకు ఒక చెవి వినపడకుండా పోయింది. చలికాలంలో ఇల్లు విడిచి వచ్చి ఈ హాస్టల్లో తలదాచుకుంది. ఎక్కడుందో కన్నవాళ్లకు కూడా చెప్పలేదు. మొన్న సోమవారం సాయంత్రం రాజేందర్ తమ్ముడు తిరుమల్ ఒక ఫోటో పట్టుకుని హాస్టల్ గేటు ముందు నిలబడ్డాడు. సృజన బకెట్ పట్టుకుని వరండాలో నడుస్తున్న ఫోటో. పైనుంచి, ఒక పక్కగా తీసింది. హాస్టల్ కెమెరా తప్ప ఇంకెవరూ అలా తీయలేరు. "మా వదినను బయటికి పిలువు" అన్నాడు. గేటు కాసే బాలమ్మ పిలవలేదు. లోపలి గడియ వేసి, గడియ మీద చెయ్యి పెట్టింది. వాడు కమ్మీల మధ్య నుంచి ఇనపరాడ్డుతో ఆ చెయ్యి మీద కొట్టాడు. ఆమె చెయ్యి తీయలేదు. అప్పుడు తల మీద కొట్టాడు. ఆ కేకలకు వీధిలోని జనం కూడారు, వాడు బండెక్కి పారిపోయాడు. ఆ పూటే హాస్టల్ కమిటీ సెక్రటరీ ప్రిసిల్లా సృజనను కార్లో సైనిక్‌పురిలోని తన ఇంటికి తీసుకుపోయింది. కర్నల్‌గా చేసి పోయిన ఆమె భర్త కట్టించిన ఇల్లు. ఎత్తు గోడ, పెద్ద గేటు, గొలుసు తెంపుకునే కుక్క.

పొద్దున ఆసుపత్రిలో బాలమ్మ వాంగ్మూలం రెండు ముక్కల్లో అయిపోయింది. తల నిండా కట్టు. నాలుగు వేళ్లు విరిగిన కుడి చెయ్యి దిండు మీద వేరే ఎవరిదో అన్నట్టు పడుంది.

"పిల్ల మంచిగున్నదా బిడ్డా?"

"మంచిగున్నది బాలమ్మా."

"గేటు ఎవరు చూస్తున్నరు మరి?"

నవత వాంగ్మూలం కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. గేటు ఎవరూ చూడడం లేదు. ఆస్పత్రి మెట్లు దిగేటప్పటికి ఆమె ఒంట్లో కోపం జ్వరంలా ఎక్కింది. అది మళ్లీ ఆ రోజంతా దిగలేదు.

* * *

హాస్టల్ భోజనాల గదిలో షెకీనా ఎదురుగా కూర్చుంది. ఇరవై మూడేళ్ల పిల్ల. మేబెల్ తమ్ముడి కూతురు. డిగ్రీలో కంప్యూటర్లు చదివి, పొద్దున ఉద్యోగం, సాయంత్రం ఈ పిచ్చి. పార్క్‌లేన్‌లో ఏదో ఆఫీసు అమ్మేసిన పాత కంప్యూటర్ కొని, దాన్నే సర్వర్‌గా మార్చి మెట్ల కింద పెట్టింది. హాస్టల్ పిల్లల ఫోటోలు, ఆధార్ కాగితాలు, కెమెరాలు తీసే బొమ్మలు అన్నీ అందులోనే.

"బయటి కంపెనీకి ఇస్తే పోయేదానికి నీకెందుకు ఈ తక్లీఫ్?" నవత అడిగింది.

"ఇక్కడ సగం మంది ఎవరికో ఒకరికి కనపడకుండా ఉండడానికి వచ్చినవాళ్లే మేడం. వాళ్ల మొహాలు తీసుకెళ్లి ఎవరి మిషన్లోనో పెట్టమంటారా?"

మాట బాగుంది. కానీ ఫోటో బయటికి పోయింది కదా.

"బయటి నుంచి లోపలికి దారులెన్ని?"

"ఒక్కటే. రౌటర్‌లో వీపీఎన్ తలుపు. దానికి నా ల్యాప్‌టాప్‌లో, నా ఫోన్‌లో ఉన్న తాళంచెవి ఫైలు కావాలి. పాస్‌వర్డ్ కొట్టి రావడం అనేదే తీసేశాను."

"కెమెరాలు?"

"వాటికి ఇంటర్నెట్టే ఇవ్వలేదు. చవక కెమెరాలు, ఎవరితో మాట్లాడతాయో నమ్మకం లేదు. వేరే నెట్‌వర్క్‌లో కట్టేసి ఉంచాను."

"అప్‌డేట్లు?"

"ప్రతి శుక్రవారం."

"బ్యాకప్?"

"రెండు. ఒకటి ఇక్కడ, ఇంకోటి మా ఇంట్లో. ఇంట్లోదానికి తాళం వేసి ఉంటుంది."

"బ్యాకప్ తీస్తే అయిపోదు. దాని నుంచి ఫైళ్లు తిరిగొస్తయో లేదో చూసినవా ఎన్నడన్న?"

"రెండుసార్లు చూశాను మేడం."

నవతకు ఒళ్లు మండింది. తప్పు దొరకనందుకు కాదు. కోట్ల బడ్జెట్లున్న ఆఫీసులకు వెళ్లి చూస్తే పాస్‌వర్డ్ మానిటర్‌కి అంటించి ఉంటుంది. ఈ పిల్ల ఇంత శ్రద్ధగా చేసింది, మూడు గంటలకు ఈమెకే బేడీలు.

"డిస్కు మొత్తానికి తాళం వేసినవా? ఎన్‌క్రిప్షన్?"

మొదటిసారి షెకీనా తల దించుకుంది.

"మొదట వేశాను. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పాస్‌వర్డ్ కొట్టాలి మేడం. అత్తయ్యకి కుదిరేది కాదు. కెమెరా తెర రాలేదు, కెమెరా తెర రాలేదు అని ఆఫీసులో ఉంటే నాకు ఫోన్లు. తీసేశాను. తర్వాత ఇన్వర్టర్ వచ్చినా మళ్లీ వేయలేదు."

"కెమెరా తెర ఏంది?"

"కంప్యూటర్‌కి మానిటర్ పెట్టాను. అత్తయ్య గేటు చూసుకోవడానికి. అది... ఆన్ చేయగానే దానంతటదే లాగిన్ అయి తెర వచ్చేలా పెట్టాను."

నవత అరచెయ్యి బల్ల మీద పడింది. గ్లాసులు ఎగిరాయి.

"వీధి తలుపుకు ఏడు తాళాలేసి, పెరటి దిక్కు తడిక కట్టినవ్! ప్లగ్గు పెట్టినోడికల్లా లోపలున్నది మొత్తం విప్పి చూపిస్తదా నీ మిషను?"

"మెట్ల కిందికి బయటివాళ్లెవరు వస్తారు మేడం? అందరం ఆడవాళ్లమే కదా." షెకీనా వంటగది వైపు చూసింది. "అత్తయ్య కోసం చేశాను."

"ఎవరి కోసం చేసినా అంతే. తాళం మనిషి ముఖం చూస్తదా?"

* * *

మెట్ల కింద గదికి తలుపు లేదు, పూల కర్టెన్ ఉంది. కర్టెన్ తీస్తే మూడడుగుల దూరంలో ప్రార్థన జరిగే హాలు. లోపల ఒక చిన్న బల్ల, బల్ల మీద పాత కంప్యూటర్, మానిటర్, కీబోర్డు. గోడకు ఇంటర్నెట్ డబ్బా. కంప్యూటరూ ఇంటర్నెట్ డబ్బా రెండూ ఒకే ప్లగ్గు బోర్డుకు. కంప్యూటర్ ఫ్యాను ఆటో ఇంజనులా గర్రుమంటోంది.

కానిస్టేబుల్ ఓంప్రకాశ్ పొద్దుటి నుంచి అక్కడే స్టూలేసుకుని నకలు తీసే డబ్బాకు కాపలా కూర్చున్నాడు.

"అయిపోయింది మేడం. రెండు నకళ్లు తీసి ఒకదానికి సీల్ వేసిన, సంతకాలు సుత పెట్టించిన. మూడు గంటల సంది ఈ ఫ్యాను మోత వింటున్న. దీనికన్న మా ఇంటామె నయం, నడుమ నడుమ ఊపిరి తీసుకుంటది."

"తిరుమల్ ఫోన్?"

"స్విచ్చాఫే. ఆన్ అయితే టవర్ వాళ్లు నాకు కొడ్తరు."

నవత రెండో నకలును తన ల్యాప్‌టాప్‌కు పెట్టి లాగ్ తెరిచింది. సర్వర్ అన్నది ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, దానికి ఏం తగిలించారు, ఏం పీకారు అన్నీ తేదీతో సహా రాసుకుంటుంది. దానికి మొహమాటం ఉండదు. ఆమె నాన్న సికింద్రాబాద్ స్టేషన్లో పార్సిళ్లు మోసినవాడు. ఏ మూట ఏ రైల్లోంచి దిగిందో అడగకుండానే చెప్పేవాడు. ఆమె మొదటిసారి లాగ్ చదవడం నేర్చుకున్నప్పుడు నాన్నే గుర్తొచ్చాడు.

"ఇంకా చదువుతున్నారా మేడం? నేను నిన్ననే చదివి చెప్పిన కదా."

కర్టెన్ దగ్గర విజయేందర్ నిలబడి ఉన్నాడు. సైబర్ కన్సల్టెంట్. హాస్టల్ కమిటీ పిలిపించుకున్న మనిషి. మంగళవారం వచ్చి, గంటసేపు చూసి, నాలుగు పేజీల రిపోర్టు నేరుగా ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు. మూడు గంటల గడువు ఆ రిపోర్టు పుణ్యమే. చేతిలో అదే ఫైలు, మెడలో అరడజను కాన్ఫరెన్సుల బిళ్లలు తగిలించుకోడానికే పుట్టినట్టుండే నీలం తాడు.

"చదివి ఏం చెప్పిన్రు? మళ్లా ఒకసారి నాకు చెప్పున్రి," అంది నవత తల తిప్పకుండా.

"సింపుల్. బయటి నుంచి ఎంట్రీ లేదు. అంటే ఇన్‌సైడ్ జాబ్. లాగ్‌లో కొన్ని లైన్లకు 2018 జనవరి ఒకటో తారీఖు వేసుంది. ఈ మిషను ఇక్కడికొచ్చిందే 2022లో. మరి 2018 లైన్లు ఎక్కడి నుంచి వచ్చినయ్? ఎవరో లాగ్ మార్చిన్రు. మార్చే అధికారం ఒక్క షెకీనాకే ఉంది. ఇగ వేరే లెక్క ఏముంది? పిల్లలు యూట్యూబ్ చూసి సర్వర్లు పెడితే గిట్లనే ఉంటది. వంట రానోళ్లకు హోటల్ ఇచ్చినట్టు."

వెనక నిలబడ్డ షెకీనా ముఖం తెల్లబోయింది. "నేను మార్చలేదు! ఆ లైన్లు నేనెప్పుడూ చూళ్లేదు!"

"చూడాల్సింది నువ్వే కదమ్మా."

"ఆ మాట నిజమే," అంది నవత. "లాగ్ రాయించుడు కాదు షెకీనా, వారానికొకసారన్న చదవాలె. చదివుంటే నీకే తెలిసేది." తర్వాత కుర్చీ తిప్పి విజయేందర్ వైపు చూసింది. "మీరు సుత చదవలే. మీకు కావాల్సిన లైను దొరకంగనే ఆపేసిన్రు. ఇటు రండి."

ఆమె తెర మీద వేలు పెట్టి పైకి జరుపుతూ పోయింది. 2018 తేదీ వేసిన లైన్లు ఒక్కచోట లేవు. పోయిన వారం ఉన్నాయి. అంతకు ముందు వారం ఉన్నాయి. దానికి ముందు వారమూ ఉన్నాయి. ప్రతిసారీ వాటికి పైన ఆదివారం పొద్దుటి తేదీ, వాటికి కింద అదే ఆదివారం, పదకొండున్నర దాటిన సమయం.

"దొంగ లాగ్ మారిస్తే ఒక్కసారి మారుస్తడు. వారం వారం వచ్చి, టైం తప్పకుండ, అదే దొంగ తేదీ వేసి పోతడా? ఏమైనా మొక్కు ఉన్నదా వానికి?"

ఓంప్రకాశ్ కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నాడు.

"ఆదివారం ఇక్కడేం జరుగుతది?" నవత గట్టిగా అడిగింది. "మేబెల్ గారూ! ఇటు రండి."

మేబెల్ చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లావుపాటి, మెత్తని మనిషి. రెండు రోజులుగా ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆదివారమా? ప్రార్థన ఉంటుందండి. పది దాటాక మొదలై పదకొండున్నరకల్లా అయిపోతుంది. తర్వాత టీ, బిస్కట్లు."

"ప్రార్థనప్పుడు ఈ మిషను ఏమైతది?"

మేబెల్ ఒకసారి మేనకోడలి వైపు దొంగచూపు చూసింది.

"ఆపేస్తానండి."

"అత్తయ్యా!"

"ఏం చెయ్యనే తల్లీ! పాస్టరమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఇది వెనకాల నుంచి గుర్రు పెడుతుంది. మైకులో కూడా వినపడుతుంది. పిల్లలు నవ్వుతారు. అందుకని ఆ గంటసేపు ప్లగ్గు స్విచ్ తీసేస్తాను. నువ్వు తిడతావని చెప్పలేదు. గంటే కదా!"

నవత వంగి, బోర్డు స్విచ్ టక్కున ఆపేసింది. ఫ్యాను మోత ఆగిపోయింది. మెట్ల కింద అంతా ఒక్కసారి చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. కొంచెంసేపు ఆగి మళ్లీ స్విచ్ వేసింది. మానిటర్ వెలిగింది, పాస్‌వర్డ్ అడగకుండానే గేటూ వరండా కనిపించే తెర వచ్చింది. తెర మూలన తేదీ చూపించి, "చదవండి సార్" అంది.

విజయేందర్ వంగి చూశాడు. 2018 జనవరి ఒకటి.

"కంప్యూటర్ లోపల గుండీ అంత బ్యాటరీ ఒకటుంటది. కరెంటు లేనప్పుడు గడియారం దాని మీద నడుస్తది. ఇందులో అది ఎప్పుడో సచ్చింది. స్విచ్ తీస్తే టైం మర్చిపోతది. మళ్లా ఇంటర్నెట్ వచ్చినాక, బయట అడిగి సరి చేసుకుంటది. ఇంటర్నెట్ డబ్బా సుత ఇదే బోర్డు మీదుంది, దానికి లేచేసరికి కొన్ని నిమిషాలు పడ్తది. ఆ నడుమ రాసిన లైన్లే మీ దొంగ లైన్లు." ఆమె గొంతు పెరిగింది. "కూరగాయల రేటుకు దొరికే బ్యాటరీ మార్చక ఈమె తప్పు చేసింది. దాన్ని పట్టుకుని మీరు ఒక ఆడపిల్లను జైలుకు పంపబోయిన్రు! పదిహేనేండ్ల అనుభవం అని రాసుకున్నరు ఫైలు మీద. గుండీ అంత లేదు!"

"ఏయ్, జెర మర్యాదగా మాట్లాడున్రి," విజయేందర్ ఎర్రబడ్డాడు. "సరే, లాగ్ మార్చలేదు. అయితే ఫోటో ఎట్ల పోయింది? గాల్లో ఎగిరిందా? బయటి నుంచి ఎవరూ రాలేదని నేను చెప్పిన, అది తప్పా?"

"అది ఒప్పే. మీరు చెప్పిన దాంట్లో అదొక్కటే ఒప్పు."

తెర మూలన తేదీ అప్పుడే సరి అయింది. బుధవారం, మధ్యాహ్నం. నవత ల్యాప్‌టాప్‌లో మొన్నటి ఆదివారం లైన్ల దగ్గరికి వచ్చి ఆగింది. మిగతా ఆదివారాల్లో 2018 లైన్లన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి: మిషను లేచింది, తెర వచ్చింది, నెట్ వచ్చింది. ఈ ఆదివారం మాత్రం నెట్ రాకముందే ఒక లైను ఎక్కువుంది. పెన్‌డ్రైవ్ తగిలించారు. నెట్ వచ్చి గడియారం సరి అయ్యాక ఇంకో లైను. పెన్‌డ్రైవ్ తీశారు. పదకొండు నలభై.

ఆమె ఆ రెండు లైన్లనూ మళ్లీ చదివింది.

ఏ దేశం నుంచో హ్యాకర్ రాలేదు. షెకీనా తాళాలు ఎవరూ పగలగొట్టలేదు. మనిషి నడిచి వచ్చాడు. ప్రార్థన చేసి, ఆమెన్ అని, లేచి, కర్టెన్ తీసి, బొమ్మలు కాపీ చేసుకుని, బయటికెళ్లి టీ తాగాడు.

పెన్‌డ్రైవ్ లైనులో దాని కంపెనీ పేరూ, పొడుగాటి సీరియల్ నంబరూ ఉన్నాయి. మనుషులకు ఆధార్ ఉన్నట్టు మంచి కంపెనీ పెన్‌డ్రైవ్‌కి ఒక నంబరుంటుంది. నవత ఆ నంబరు కొట్టి లాగ్ మొత్తం వెతికించింది.

రెండుచోట్ల దొరికింది. ఒకటి ఆదివారం. రెండోది నిన్న, మంగళవారం.

ఆమె నెమ్మదిగా లేచి నిలబడింది.

"విజయేందర్ గారూ. నిన్న మీరు ఈ మిషనుకు పెన్‌డ్రైవ్ పెట్టిన్రా?"

"లాగ్ కాపీ చేసుకోడానికి పెట్టిన. అయితే?"

"సాక్ష్యమున్న మిషనుకు, నకలు తియ్యకుండ, నేరుగ?"

"టైం లేదు మేడం, మీ సారే తొందర..."

"ఆదివారం దొంగ పెట్టిన పెన్‌డ్రైవూ అదే."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఓంప్రకాశ్ స్టూలు మీద నుంచి లేచి కర్టెన్‌కు అడ్డంగా నిలబడ్డాడు. షెకీనా రెండడుగులు వెనక్కి వేసింది. విజయేందర్ చేతిలోంచి ఫైలు జారి నేల మీద పడింది.

"నన్నంటున్నరా? నన్నా? ఆదివారం నేను వరంగల్‌ల మా అక్క బిడ్డ పెండ్లిల ఉన్న! మూడొందల మంది చూసిన్రు!"

"మరి పెన్‌డ్రైవ్ మీ దగ్గరికి ఎట్ల వచ్చింది?"

"అది నాది కాదు!"

"నిన్న మీ చేతిల ఉన్నది మీది కాదా?"

"నాది ఆఫీసుల మర్చిపోయి వచ్చిన." పదిహేనేళ్ల అనుభవానికి ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంది. "ఎవరి దగ్గరన్న ఉంటే ఇయ్యమన్న. ప్రిసిల్లా మేడం తన తాళాల గుత్తికి ఉన్నది తీసిచ్చింది. పని అయినంక మళ్లా తీసుకుంది."

మెట్ల కింద ఫ్యాను గర్రుమంటోంది.

మేబెల్ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆదివారం... ప్రార్థన అవ్వగానే..." ఆమె మాటలు తడబడ్డాయి. "'నువ్వు టీ సంగతి చూడు మేబెల్, స్విచ్ నేను వేస్తాలే' అందండీ ప్రిసిల్లమ్మ. ఎంత మంచిదో అనుకున్నాను. అయ్యో దేవా! ఆమె ఎందుకు చేస్తుందండీ అట్లాంటి పని? రెండేళ్ల నుంచి ఈ పిల్లలకి దుప్పట్లు ఇచ్చింది, మందులు ఇచ్చింది..."

"సృజనతోటి ఆమె ఎప్పుడన్న గట్టిగ మాట్లాడిందా? జ్ఞాపకం చేసుకోండి, తొందరగ."

"గట్టిగా కాదండి, ప్రేమగానే. 'మొగుడన్నాక ఒక మాటంటాడు, ఒక దెబ్బేస్తాడు, ఇల్లు కూల్చుకుంటావా తల్లీ' అనేది. మా ప్రిసిల్లమ్మ చాలా కాపురాలు నిలబెట్టిందండి. అందరికీ ఆమెంటే..."

మేబెల్ అక్కడ ఆగిపోయింది. తాను ఏం చెబుతోందో తన చెవులకే వినపడింది.

నవతకు ఒక్కొక్కటే కలిసొచ్చింది. దుప్పట్లిచ్చిన చెయ్యే ఫోటో ఇచ్చింది. డబ్బుకు కాదు, పగకు కాదు, కాపురం నిలబెట్టడానికి. దొంగతనం చేశానన్న ఆలోచన కూడా ఆమెకు ఉండి ఉండదు. అందుకే నిన్న అదే పెన్‌డ్రైవ్‌ని నదురూ బెదురూ లేకుండా తీసి విజయేందర్ చేతిలో పెట్టింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగకు తాను దొంగనని కూడా తెలియదు.

ఆ దొంగ ఇంట్లోనే ఇప్పుడు సృజన ఉంది. ఎత్తు గోడ వెనక. పెద్ద గేటు వెనక. ఆ గేటుకు లోపలి గడియ ప్రిసిల్లా చేతిలో ఉంది.

నవత ఫోన్ తీసి నంబరు నొక్కింది. మోగింది, మోగింది. ఐదోసారికి ఎత్తారు.

"చెప్పమ్మా నవతా," ప్రిసిల్లా గొంతు పాలకోవాలా ఉంది. "భోంచేశావా?"

"సృజనకు ఫోన్ ఇవ్వండి మేడం."

"ఇప్పుడు వద్దులేమ్మా. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు."

"ఎవరిద్దరు?"

"రాజేందర్ వచ్చాడమ్మా. నేనే రమ్మన్నాను. ఆ గేటు గొడవ తమ్ముడు తొందరపడి చేసిందట, ఇతనికేమీ తెలియదట. నా కాళ్లు పట్టుకుని ఏడ్చాడు పాపం. లోపలి గదిలో కూర్చోబెట్టాను. తలుపేసుకున్నారు."

ఫోన్‌లో వెనకాల కుక్క ఆపకుండా మొరుగుతోంది. తెలిసిన మనిషిని చూసి మొరిగే మొరుగు కాదది.

"మేడం, నా మాట వినండి. ఇప్పుడే పోయి ఆ తలుపు తియ్యండి. తియ్యండి! పక్కింటోళ్లను పిలవండి!"

"ఎందుకంత కోపం తల్లీ! భార్యాభర్తల మధ్యకు వెళ్లడానికి నువ్వెవరు, నేనెవరు? దేవుడు జతపరచిన వారిని..."

"వాడు దాని చెవి పగలగొట్టిండు!" నవత అరుపుకు హాస్టల్ మేడ మీది పిల్లలు మెట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "ఒక్క చెవితోటి బతుకుతున్నది ఆ పిల్ల! తలుపు తియ్యి!"

లైను కట్టయింది. మళ్లీ చేసింది. స్విచ్చాఫ్.

సరిగ్గా అప్పుడే ఓంప్రకాశ్ జేబులో ఫోన్ మోగింది. విన్నాడు. ముఖంలో నవ్వు అన్నది ఏనాడూ లేనట్టు అయిపోయింది.

"మేడం. తిరుమల్ ఫోన్ ఆన్ అయింది. సైనిక్‌పురి టవర్."

"జీపు తీయ్!" నవత అప్పటికే హాల్లో పరుగెడుతోంది. పరుగెడుతూనే సైనిక్‌పురి దగ్గరి స్టేషన్‌కు ఫోన్ కలిపింది. ఇంటి నంబరు చెప్పి, గేటు తీయకపోతే గోడ దూకమంది. వెనక నుంచి విజయేందర్ పిలిచాడు. "నవత గారూ, నా రిపోర్టు... నేను వెనక్కి తీసుకుంటున్న అని మీ సారుకు..." ఆమె ఆగలేదు. ఆ మాట ఆమె బదులు షెకీనా విన్నది. వంగి, నేల మీది ఫైలు తీసి, అతని చేతిలో పెట్టింది.

"మీరే వెళ్లి చెప్పండి సార్. నాకు ఇక్కడ పనుంది." ఆ పిల్ల కళ్ల నిండా నీళ్లున్నాయి, గొంతులో మాత్రం లేవు. "అత్తయ్యా, గేటు దగ్గర ఎవరూ లేరు. పద."

జీపు మలుపు తిరుగుతుంటే నవత వెనక్కి చూసింది. మేబెల్, షెకీనా ఇద్దరూ గేటు వేసి, లోపలి గడియ పెడుతున్నారు. కమ్మీ మీద ఇంకా తుడవని నల్లటి మరక ఉంది. పొద్దున బాలమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. కానీ గేటు కావాల్సింది ఇప్పుడు ఇక్కడ కాదు. సాయంత్రానికి జరిపిన పని ఆమె గుండెల మీద రాయిలా కూర్చుంది. మీటరు ముల్లు పైకి పోతోంది, దారి తరగడం లేదు.

చదువుతున్న మీకు ఒక మనవి. ఇంతసేపూ ఎన్నో తాళాల సంగతి చెప్పుకున్నాం. చదువుకున్న పిల్ల వేసిన తాళాలు, అనుభవమున్నవాడు చూడని తాళాలు, మంచితనం పేరు చెప్పి ఒక పెద్దమనిషి తీసేసిన తాళం. ఇందరిలో మూయాల్సిన సమయానికి, వచ్చినవాడి ముఖం మీద తలుపు మూసిన మనిషి ఒక్కతే. విరిగిన వేళ్లను దిండు మీద పెట్టుకుని, గేటు ఎవరు చూస్తున్నారని ఇప్పటికీ నర్సుల్ని అడుగుతూనే ఉంది. సైనిక్‌పురిలో ఆ గది తలుపు తెరుచుకున్నాక లోపల ఏం కనపడినా సరే, బాలమ్మను మరిచిపోకండి.